పెదవికి తెలిసే తడి

ఖతీజా ఎడమ చేతిలో బూటు బోర్లా ఉంది, కుడి చేతిలో పదును లేని చాకు ఉంది. బూటు ముందు భాగంలో, బొటనవేలు వచ్చే చోట, సోల్ అప్పటికే వేలు దూరేంత నోరు తెరిచింది. ఆ సందులో చాకు మొన పెట్టి మెల్లగా మడమ వైపు లాగింది. సరిగ్గా అతికిన బూటయితే అరంగుళం పోయేసరికి చాకు ఆగిపోవాలి, మణికట్టుకు నొప్పి తెలియాలి. ఇది ఆగలేదు. అరటిపండు తొక్క వచ్చినట్టు సోల్ మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసింది.

దాన్ని కిటికీ వెలుగుకు తిప్పి చూసింది. అతకడానికి లోపల రాసిన సొల్యూషన్ అద్దంలా మెరుస్తోంది. ఎక్కడా ఒక్క నూలు పోగు తెగిన జాడ లేదు.

"ఎన్నోదక్కా?" అంది పక్క స్టూలు మీదున్న నిర్మల.

"ఏడోది. ఏడుకు ఏడూ గిట్లనే ఉన్నయి."

"ఇంకెన్ని ఉన్నయి?"

"వాపస్ వచ్చినయి డబ్బా నిండ ఉన్నయి. కంపెనీ బూట్లు గావు ఇవి, శనివారం సంతల ప్లాస్టిక్ చెప్పులు నయం."

రావిర్యాల దగ్గర ఉన్న ఆ కంపెనీలో పరుగు బూట్లు తయారవుతాయి. కొనేవాళ్లు షోరూంలో గాజు పలక మీద నిలబడితే చాలు, పాదం పొడవు, వెడల్పు, మడమ వంపు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. ఆ కొలతలకే ఒక మిషన్ బూటు పైభాగాన్ని అల్లుతుంది. ఇంకో మిషన్ దాన్ని పాదం ఆకారంలో ఉండే ఫర్మాకు తొడుగుతుంది. కావాలంటే నాలుక మీద పేరు కూడా కుట్టిస్తారు. ఒక జతలాగా ఇంకో జత ఉండదు. ఆ పైభాగానికీ సోల్‌కూ సొల్యూషన్ రాసే పని మాత్రం మొన్నమొన్నటి వరకు మనుషులదే. ఎనిమిది మంది ఆడవాళ్లు, ఎనిమిది బ్రష్షులు. మే నెలలో షెడ్డు మధ్య కట్టిన గాజు గదిలోకి పసుపుపచ్చ రోబో చెయ్యి వచ్చింది. ఆరుగురు ఇంటికి పోయారు. మిగిలిన ఇద్దరు ఖతీజా, నిర్మల. రోబో అతికించి ప్రెస్ చేసిన బూటుకు అంచున పొంగిన సొల్యూషన్ తుడిచి, లేసులు కట్టి, పెట్టెలో పెట్టడం వాళ్ల పని.

రోబోకు అల్లుడని పేరు పెట్టింది నిర్మల. అల్లుడికి అద్దాల గది, అల్లుడికి ఏసీ. అల్లుడు అలిగి ఆగిపోతే బాగు చేసేవాళ్లు పుణె నుంచి విమానంలో దిగుతారు.

"ఆషాఢంల కొత్తల్లుడు అత్తగారింట్ల ఉండొద్దంటరు గదా," అనేది నిర్మల. "గీన్ని జూడు, కదుల్తలేడు."

అల్లుడు ఆషాఢంలో కదలలేదు సరే, శ్రావణం వచ్చేసరికి బూట్లే తిరిగి రావడం మొదలైంది. ఇరవై రోజుల్లో ముప్పై ఒక్క జతలు. రాజేంద్రనగర్‌లో పొద్దున్నే పరుగెత్తుతున్న ఒక ఆవిడ సోల్ ఊడి రోడ్డు మీద బోర్లా పడింది. చర్మం ఊడిన మోకాళ్లను, ఊడిన సోల్‌ను పక్కపక్కన పెట్టి వీడియో తీసి అందరికీ చూపించింది. ఆ వీడియో కంపెనీ పెద్దల దాకా పోయింది. కారణం చెప్పమని అక్కడి నుంచి కింద దాకా ఫోన్లు వచ్చాయి.

ఆ కారణాన్ని ఒక కాగితం మీద రాసుకొని పదిన్నరకు జీవన్ వచ్చాడు. షెడ్డు మొత్తానికి అతనే మేనేజర్. వయసు ముప్పై దాటదు, షాద్‌నగర్ వైపు మనిషి. మాట మెత్తగానే ఉంటుంది.

"నిర్మలా, జర గీడ సంతకం పెట్టు."

"ఏంది సార్ ఇది?"

"ఏం లేదు, పైకి పంపనీకి ఒక కాయితం కావాలె. అంతే."

నిర్మల ఇంటర్ చదివింది. ఇంగ్లీషు కాగితం కూడబలుక్కుని చదవగలదు. పెదవులు కదుపుతూ సగం దాకా చదివి ఆగిపోయింది.

"చదువు," అంది ఖతీజా. "గట్టిగ చదువు."

"అంచు తుడిచేటప్పుడు చేతి గోరు తగిలి సోల్ లేచిందంట అక్కా. ఫినిషింగ్ టేబుల్, నిర్మల, బాధ్యురాలు అని ఉన్నది."

జీవన్ చేతులు కట్టుకున్నాడు. "మిషన్ రికార్డు మొత్తం తీసి చూసినం. అన్నీ ఆకుపచ్చగనే ఉన్నయి. రోబో గీసిన గీత వెంట్రుకంత గూడ తప్పలేదు. అటెన్క చెయ్యి తగిలేది మీ టేబుల్ కాడనే. ముప్పై ఒక్క జతల్ల ఇరవై ఆరు నిర్మల కోడ్ మీద ఉన్నయి."

"ఉండవా మరి? లేసులు కట్టుడు నా పని, అంచు తుడుసుడు పిల్ల పని," అంది ఖతీజా. "అంటే ఏంది సార్, మిషన్ తన పని తానే రాసుకుంటది గనుక మిషన్‌ది తప్పు గాదు. మనిషి రాసుకోదు గనుక తప్పు మనిషిది. గంతేనా?"

"ఖతీజా, నీ పేరు ల్యేదు దాంట్ల. నువ్వు పరేషాన్ గాకు."

"సంతకం పెడితే రేపు ఈమె ఏడ కూసుంటది?"

"వేరే డిపార్ట్‌మెంట్ చూస్తం."

"ఏ డిపార్ట్‌మెంట్? వంటింటి డిపార్ట్‌మెంటా?"

జీవన్ నిర్మల చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. "రెండు గంటలకల్ల కాయితం కావాలె," అని బల్ల మీద పెట్టి, దాని మీద సొల్యూషన్ డబ్బా మూత బరువుగా ఉంచి వెళ్లిపోయాడు.

నిర్మల ఏడవలేదు. రెండు చేతులూ బల్ల మీద పరిచింది. "గోర్లు జూడక్కా," అంది. "అసలు నాకు గోర్లే లెవ్వు."

నిజమే. మూడు నెలలుగా రుద్ది తుడిచి ఆమె గోళ్లు వేళ్ల కొసల దాకా అరిగిపోయాయి. రావిర్యాల ఊరి పిల్ల. పోయిన ఏడాది భర్త మేడ కట్టేచోట పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో నెలనెలా వచ్చే జీతం ఈమెది ఒక్కటే. ఇక్కడ తప్పు చేసి పోయిందన్న మాట పడితే, చుట్టుపక్కల ఏ షెడ్డూ గేటు తీయదు. ఈ షెడ్ల మేనేజర్లంతా ఒకే హోటల్లో చాయ్ తాగుతారు.

ఖతీజాకు ఒళ్లు మండింది. ఆడలేనోడు మద్దెల ఓడన్నట్టు ఉంది కథ. లేచి పోయి జీవన్ మొహాన ఆ ఊడిన సోల్ కొడదామన్నంత కోపం వచ్చింది. కానీ లేవలేదు. ఎందుకంటే సోల్ లోపల అద్దంలా మెరిసిన సొల్యూషన్ ఆమెకు ఇంకో సంగతి కూడా చెప్పింది. గోరు తగిలి లేచిన సోల్ అంచున మాత్రమే లేస్తుంది, లేచిన చోట పోగులు తెగుతాయి. మొత్తానికి మొత్తం నున్నగా ఊడిందంటే, సొల్యూషన్ ఆరకముందే ప్రెస్‌లో పెట్టారు. ఆరనిది ఆరిందని అల్లుడు ఎట్లా అనుకున్నాడు? అల్లుడికి పని నేర్పిన చెయ్యి ఎవరిది?

తనదే.

*

ఖతీజా పుట్టింది శంషాబాద్‌లో. ఉందానగర్ రైల్వే గేటు పక్కన వాళ్ల నాన్న సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. ఆరేళ్లప్పుడే ట్యూబు గీకి సొల్యూషన్ రాసి ఊదేది. రాసిన వెంటనే అతుకు పెడితే నాన్న చేతి మీద కొట్టేవాడు. "ఆరనీ," అనేవాడు. ఆమెకు బడి కంటే ముందు వచ్చిన చదువు ఇదే.

పెళ్లయ్యాక మైలార్‌దేవ్‌పల్లి పోయింది. భర్త మక్సూద్ కాటేదాన్ గోదాముల్లో మూటలు మోసేవాడు. నడుము పట్టేసి అతను మంచమెక్కినప్పుడు, వీధి చివర బూట్ల షెడ్డులో పనికి కుదిరింది. ఇరవై నాలుగేళ్లు అక్కడే. పని నేర్పిస్తానని ఎవరూ అనలేదు. చూసి నేర్చుకుంది, చెడగొట్టి నేర్చుకుంది, తిట్లు తిని నేర్చుకుంది.

ఆ షెడ్డులో బిక్షం అనే ముసలాయన ఉండేవాడు. తోలు పనిలో పుట్టి పెరిగిన మనిషి. మాట తక్కువ. సొల్యూషన్ రాసిన సోల్‌ను పైపెదవికి దగ్గరగా, ముక్కు కింద, తగిలీ తగలకుండా పట్టుకునేవాడు. ఒక్క క్షణం. అంతే, తీసి పక్కన పెట్టేవాడు, లేదంటే అతికించేవాడు. ఆయన అతికించిన చెప్పు తెగేది తప్ప ఊడేది కాదు.

ఖతీజా మొదటిసారి చూసి మొహం తిప్పుకుంది. "తౌబా! చెప్పు మూతికి పెట్టుకుంటవేంది తాతా?"

"వేలు పెట్టి జూడు, ఆరిందా?"

చూసింది. "ఆరింది."

"ఇగ పెదవి కాడ పెట్టి జూడు."

మొహం చిట్లించుకునే పెట్టింది. పెదవికి సన్నగా చల్లదనం తగిలింది, నీళ్ల కుండ పక్కన నిలబడితే తగిలినట్టు.

"పాల మీద మీగడ లెక్క పైన ఆరుతది, కింద తడి ఉంటది. వేలు మీగడను జూస్తది. పెదవి తడిని జూస్తది. చల్లగున్నంత సేపు ముట్టకు," అన్నాడు బిక్షం. "చెప్పు మూతికి పెట్టుకుంటే ఇజ్జత్ పోతది అనుకునేటోళ్లు ఈ పని జెయ్యొద్దు బిడ్డా. ఊడిపోయే చెప్పు అమ్మితే పోయేదే ఇజ్జత్."

అప్పటి నుంచి ఆమె కూడా అదే చేసింది. ఎండాకాలం నాలుగు నిమిషాలకు వెచ్చబడేది. వానాకాలం పది పట్టేది, ముసురు పడితే పదిహేను. గడియారం ఏనాడూ చూడలేదు. చెప్పును మూతికి పెట్టుకుంటారని బయట ఎవరికీ చెప్పనూ లేదు. మక్సూద్‌కు కూడా తెలియదు. ఆ షెడ్డు మూతపడి ఈ కంపెనీకి వచ్చాక, బల్లకేసి తల వంచి, ఎవరూ చూడకుండా కానిచ్చేది.

ఈ మార్చిలో అరుణ్‌కుమార్ ఒక గ్లవ్ తెచ్చాడు. రోబోకు పని నేర్పే ఇంజనీరు అతను, గుంటూరు వైపు అబ్బాయి, మర్యాదస్తుడు. ఆ గ్లవ్ నిండా తీగలు. "ఖతీజా గారూ, ఈ ఎనిమిది మందిలో మీ పనే బాగుంటుందని అందరూ అన్నారు. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. మీ చెయ్యి ఎలా కదిలితే రోబో అలా నేర్చుకుంటుంది," అన్నాడు.

రోజూ చేసినట్టే చేద్దామనుకుంది. కానీ ఆ మూడు రోజులూ ఎదురుగా రెండు కెమెరాలు. వెనక కుర్చీల్లో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు. ఒకాయన ఆమెకు నమస్కారం కూడా పెట్టాడు. ఇంత మంది ముందు బూటును మూతికి పెట్టుకోవాలా? పెళ్లి ఫొటోకు కూర్చున్నదానిలా కొంగు సర్దుకుని, వేలితో తాకి, ఆరిందన్నట్టు తల ఊపి అతికించింది. ఎండలు ముదిరిన రోజులు కావడంతో ఒక్కటీ ఊడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆరడానికి నాలుగు నిమిషాలు అని రోబోలో రాసుకున్నారు. మే నెలలో ఆరుగురు ఇంటికి పోయారు.

*

పదకొండున్నరకు అరుణ్‌కుమార్, జీవన్ ఇద్దరూ లోడింగు షట్టర్ దగ్గర నిలబడి ఉన్నారు. బయట సన్నగా ముసురు. షట్టర్ సగం ఎత్తి ఉంది, తడిగాలి నేరుగా లోపలికి వస్తోంది. ఏసీ గాజు గదికి మాత్రమే. సొల్యూషన్ రాసిన జతలు ఆరే బెల్టు ఈ షట్టర్ ముందు నుంచే పోతుంది.

వాళ్ల పక్కన ర్యాక్ మీద తొమ్మిది జతలున్నాయి. సంక్షేమ హాస్టల్ ఆడపిల్లల రిలే జట్టుకు కంపెనీ కానుకగా ఇస్తున్నవి. నిన్న సాయంత్రం వానలో అల్లుడు అతికించి ప్రెస్ చేసినవి. నాలుగు గంటలకు వాళ్ల కోచ్ వచ్చి తీసుకుని అటు నుంచి అటే ఎయిర్‌పోర్టుకు పోవాలి. పిల్లలు పెట్టె బేడా సర్దుకుని ఎదురుచూస్తున్నారు.

"ఖతీజా, ఇవి జెల్ది తుడిచి పెట్టెల్ల పెట్టండి," అన్నాడు జీవన్.

"నిర్మల చెయ్యి వీటికి తగిలిందా సార్?"

"ఇంకా లేదు. ఇప్పుడే గదా టేబుల్‌కు పంపుతున్న."

"కోడ్ పడ్డదా?"

"పడలే. ఎందుకు?"

ఖతీజా ర్యాక్ మీది నుంచి ఒక బూటు తీసింది. రెండు బొటనవేళ్లు ముందు అంచులో దూర్చి, బత్తాయి తొక్క ఒలిచినట్టు ఒక్క లాగు లాగింది. చాకు లేదు, గోరు లేదు. సోల్ ఒక చేతిలోకి, బూటు ఇంకో చేతిలోకి వచ్చాయి.

"ఏయ్! ఏం చేస్తున్నవ్!" అని జీవన్ అరిచాడు.

"చేస్తలేను, చూపిస్తున్న." సోల్‌ను అతని చేతిలో పెట్టింది. "ఇది ఎవరి గోరు సార్? చెప్పు, ఎవరి గోరు? ఈ బూటు ఏసుకొని ఆ పోరి ఉరికితే పండ్లు రాలుతయి. అప్పుడు ఎవరి సంతకం తీసుకుంటవ్?"

రెండోది తీసింది. అది సగం దాకా వచ్చింది. మూడోది మొత్తం ఊడింది. జీవన్ చెయ్యి పట్టుకోబోయాడు కానీ అరుణ్‌కుమార్ ఆపాడు. అతను ఊడిన సోల్ లోపలి భాగాన్ని వేలితో తడుముతున్నాడు.

"ఆరలేదు," అన్నాడు.

"ఆరదు. నాలుగు నిమిషాలకు ముసుర్ల ఎట్ల ఆరుతది?"

"తేమ చూసే మీటర్ ఉందండీ. అంతా సరిగానే చూపిస్తోంది."

"అదేడుంది?"

అతను గాజు గది వైపు చూశాడు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మీటర్ అల్లుడితో పాటు ఏసీలో ఉంది, బూట్లు వానగాలిలో ఉన్నాయి.

"సరే, మీటర్ జరుపుతం," అన్నాడు జీవన్ నెమ్మదిగా. "కానీ నాలుగు నిమిషాలని చెప్పింది ఎవరు? నువ్వే గదా. గ్లవ్ ఏసుకున్నది నువ్వే గదా ఖతీజా?"

షెడ్డులో పనిచేసే వాళ్లంతా అప్పటికే అటు తిరిగారు. లోడింగు వాళ్లు చేతుల్లో పెట్టెలతో అలాగే నిలబడ్డారు.

"నేనే," అంది ఖతీజా. "నేనే తప్పు చూపెట్టిన. అడిగినవు గదా, చూడు."

బల్ల దగ్గరికి పోయి బ్రష్ తీసింది. ఒక సోల్‌కు సొల్యూషన్ రాసింది. అందరూ చూస్తుండగా కొంగు వెనక్కి వేసుకుని, తల ఎత్తి, సోల్‌ను పైపెదవి దగ్గర పెట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె అటు తిరిగింది. "నవ్వు, నవ్వు. నీ కాళ్లకున్నదాన్ని గూడ ఎవరో గిట్లనే మూతికి పెట్టుకొని అతికిచ్చిండ్రు, లేకుంటే ఈడిదాక నడిచొచ్చేటోనివి గాదు."

నవ్వు ఆగిపోయింది. ఆమె బిక్షం తాత చెప్పిందంతా చెప్పింది. మీగడ, కింద తడి, చల్లదనం. అరుణ్‌కుమార్ ఆరు ముక్కలకు వేర్వేరు సమయాల్లో సొల్యూషన్ రాయించి, వరుస తారుమారు చేసి, ఆమె ముందు పెట్టాడు. నాలుగు తడివి, రెండు ఆరినవి అంది. అతికించి, ప్రెస్ చేసి, లాగి చూశాడు. ఒక్కటీ తప్పు కాలేదు.

"మరి మార్చిలో ఇది ఎందుకు చెయ్యలేదండీ?"

"షరమ్ అయింది. కోట్లు ఏసుకున్నోళ్ల ముందట చెప్పును మూతికి పెట్టుకోవాల్నా?"

అరుణ్‌కుమార్ చేతిలోని ముక్కను బల్ల మీద పెట్టాడు. తర్వాత, "మీ చెయ్యి రాసిన ప్రతిసారీ పైకి లేచి, ఛాతీ దాకా వచ్చి ఆగిపోయేది," అన్నాడు. "గ్లవ్ రికార్డులో ఉందది. నూట నలభై సార్లు. వయసు వల్ల వచ్చే వణుకు అనుకున్నాం. శుభ్రం చేసి తీసేశాం."

ఖతీజా బ్రష్ కింద పెట్టింది.

"వణుకా?" అంది. "నా చేతికి వణుకా? నూట నలభై సార్లు చెయ్యి లేచి ఆగితే, ఎందుకమ్మా ఆగింది అని ఒక్కసారి అడగనీకి నోరు రాలేదా నీకు? అడిగితే చెప్పకపోదునా? ఆరుగురు ఆడోళ్ల పొట్ట గొట్టి నేర్చిన చదువు సార్ నీ మిషన్‌ది. అండ్ల నుంచి అసలు ముక్కే తీసి పారేసిండ్రు. పారేసి, అది శుభ్రం చేసుడు అంటున్నవు."

అరుణ్‌కుమార్ తల వంచుకున్నాడు. "తప్పేనండీ," అన్నాడు.

"నాది గూడ తప్పే. నేను దాచిన, నువ్వు అడగలే. మధ్యల ఈ పిల్ల ఏం జేసింది?" బల్ల మీది కాగితం తెచ్చి జీవన్ ముందు పెట్టింది. "నిర్మల పేరు కొట్టెయ్. నా పేరు రాయి. ఆరే టైము తప్పు చూపెట్టిన అని రాయి. సంతకం నేను చేస్త."

"ఖతీజా, కోపంల మాట్లాడకు. నీ పేరు రాస్తే నీకే నుక్సాన్."

"కోపంలనే మాట్లాడ్తున్న. రాయి."

జీవన్ రాయలేదు. కలం తీసుకున్నది అరుణ్‌కుమార్. నిర్మల పేరు మీద గీత గీసి, కింద రెండు వరుసలు రాశాడు. ఖతీజా చదవమంది. అతను తెలుగులో చదివాడు. "ఆరే సమయం తప్పుగా నిర్ణయించడం వల్ల సోల్ ఊడింది. పని చేసి చూపినవారు ఖతీజా. వివరం అడగకుండా రికార్డు దిద్దినవారు అరుణ్‌కుమార్." ముందు తను సంతకం పెట్టాడు. ఖతీజా ఉర్దూలో పెట్టింది. జీవన్ ఆ కాగితాన్ని పట్టుకుని కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిర్మల అప్పుడు ఏడ్చింది.

"ఏడ్చేటందుకు టైము ల్యేదు," అంది ఖతీజా. "పన్నెండున్నర అయింది. తొమ్మిది జతలు ఉన్నయి."

*

ఊడినవి ఊడదీశారు, ఊడనివి కూడా ఊడదీశారు. పద్దెనిమిది బూట్లు, పద్దెనిమిది సోళ్లు. పాత సొల్యూషన్‌ను గుడ్డతో రుద్ది తీయడం నిర్మల, ఇసుక కాగితంతో గరుకు చేయడం ఖతీజా. ఒక జతకున్న కొలత ఇంకో జతకు లేదు. ఒక పిల్ల పాదం పలుచన, ఇంకో పిల్లది ముందు వెడల్పు, ఒకమ్మాయికి ఎడమ పాదం కుడిదాని కంటే గోరంత పొడుగు. మిషన్ ఆ తేడాలన్నీ చక్కగానే పట్టుకుంది. అల్లిక చూసి ఖతీజా ఒకసారి మెచ్చుకుంది కూడా. "అల్లుడి ఇంటోళ్లకు కండ్లు మంచిగనే ఉన్నయి," అంది. "మూతి ల్యేదు, గంతే."

షట్టర్ మూయించింది. మూయడం కుదరదు, లారీ వస్తుందని లోడింగు వాళ్లంటే, "లారీని వానల నిలబెట్టు, కరుగుతదా?" అంది. ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

బ్రష్ అంచు నుంచి మధ్యకు, మధ్య నుంచి అంచుకు. బొటనవేలి దగ్గర రెండోసారి పలుచగా. రాసిన వాటిని వరుసగా బల్ల మీద పేర్చింది. ఆరు నిమిషాలకు మొదటిదాన్ని ఎత్తి పెదవి దగ్గర పెట్టింది. చల్లగా ఉంది. తొమ్మిదికి మళ్లీ చూసింది, ఇంకా సన్నగా తగులుతోంది. పదకొండో నిమిషానికి ఏమీ తగల్లేదు. "ఇగ పట్టు," అంది. నిర్మల రెంటికీ హీటర్ వేడి చూపించి సోల్ కూర్చింది, ప్రెస్‌లో పెట్టింది.

అయిదో జత దగ్గర నిర్మల, "అక్కా, నేను జూస్త," అంది.

"షరమ్ అయితలేదా?"

"నీ షరమ్‌తోనే గదా ఇంత పంచాయితి అయింది."

నిర్మల సోల్‌ను పెదవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "చల్లగున్నది," అంది. రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టింది. "ఇంకా ఉన్నదక్కా, జరంత." ఖతీజా దాన్ని లాక్కుని చూసింది. జరంతే ఉంది. తిరిగి ఇచ్చేసింది. మెచ్చుకోలేదు కానీ ఆ తర్వాత జతలు నిర్మలే చూసింది.

మూడు గంటలకు అరుణ్‌కుమార్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేతిలో గ్లవ్ లేదు. "చల్లదనం కొలిచే సెన్సర్ ఉందండీ. తెప్పించి బెల్టు మీద పెట్టాలంటే రెండు నెలలు పడుతుంది," అన్నాడు. "ఇవాళ మీరు చూపించిందే దానికి ఆధారం."

"నాకు తెల్వదా? చెప్పినంక మీదే అయితది అది." ఆమె ప్రెస్ నుంచి బూటు తీసింది. "రెండు నెలలు ఎవరు జూస్తరు?"

"మీరిద్దరూ చూడాలి. ప్రతి జతా మనిషి చూశాకే ప్రెస్‌కు పోవాలని ఇవాళే రాసి పెడతాను. పోయిన వాళ్లలో ఇద్దర్ని పిలవమని కూడా అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను."

"రెండు నెలల అటెన్క?"

అతను జవాబు చెప్పలేదు. చెప్పనందుకు ఆమెకు కోపం వచ్చింది. అబద్ధం చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేది. "లేసి పక్కకు జరుగు సార్, వెలుగుకు అడ్డమున్నవు," అంది.

నాలుగుకు పది నిమిషాలుండగా కోచ్ కవిత వచ్చింది. ట్రాక్ ప్యాంటు, మెడలో విజిల్. గేటు బయట వ్యాను ఆగి ఉంది. వానకు అద్దాలు మూసుకున్నా, లోపలి పిల్లల గోల వినిపిస్తూనే ఉంది.

"అయినయా అక్కా? ఫ్లైట్ ఆరింటికి."

"ఒక్కటి ఉన్నది, ప్రెస్‌ల ఉన్నది. కూసో."

"కూసుంటే ఫ్లైట్ పోతది."

"పోతే ఇంకో ఫ్లైట్ దొరుకుతది. పిల్ల ముక్కు పగిల్తే ఇంకో ముక్కు దొరుకుతదా?"

కవిత కూర్చుంది.

ప్రెస్ తెరుచుకుంది. ఖతీజా చివరి బూటు తీసి, అంచును గుడ్డతో ఒక చుట్టు తుడిచింది. రెండు బొటనవేళ్లు ముందు అంచులో పెట్టి బలమంతా ఉపయోగించి లాగింది. మెడ నరాలు ఉబ్బాయి. అంచు కదల్లేదు. నిర్మల లేసులు కట్టి, నాలుక మీది పేరు పైకి కనిపించేలా సర్ది పెట్టెలో పెట్టింది. తొమ్మిది పెట్టెలు లెక్కబెట్టి కవిత ముందు వరుసగా ఉంచారు.

"పోటీ ఎప్పుడు?" అంది ఖతీజా.

"ఎల్లుండి పొద్దుగాల."

"అయితే రేపు పొద్దుగాల్ల దాక ఎవ్వరు తొడగొద్దు. విమానంల గూడ. ముచ్చట పడి ఏసుకుంటరు, ఏసుకోనియ్యకు. రేపు ఒక గంట నడిపియ్యి, ఎల్లుండి ఉరికియ్యి. ఏమన్న అయితే ఈ కంపెనీకి గాదు, నాకు ఫోన్ జెయ్యి."

కవిత ఒక పెట్టె తెరిచి, బూటు తీసి, తను కూడా సోల్ లాగి చూసింది. తల ఊపి మూత పెట్టింది. ఇద్దరు పిల్లలు వానలో పరుగెత్తుకుంటూ వచ్చి పెట్టెలు ఎత్తుకున్నారు. ఖతీజా డెలివరీ రిజిస్టర్ తెరిచి, తొమ్మిది జతలు అని రాసిన వరుస మీద వేలు పెట్టి చూపించింది. కవిత సంతకం పెట్టి, మిగిలిన రెండు పెట్టెలు చంకన పెట్టుకుని వ్యాను వైపు నడిచింది.